ముందు యాక్సిల్ కారుతోందా? దూరపు ఆఫ్‌రోడ్ ప్రయాణానికి ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

బయల్దేరడానికి ఇంకా కొన్ని వారాలుంది. బండి కిందికి తొంగి చూస్తే ముందు చక్రం లోపలి వైపంతా నల్లటి జిడ్డు, నేల మీద రెండు బొట్లు. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) కిట్ ఆర్డర్ పెట్టేసి, ప్రయాణానికి ముందు వచ్చే శని ఆదివారాల్లో విప్పేద్దాం అనుకుంటారు. అలా చేయకండి. ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో, ఎందుకు వస్తోందో తెలియకుండా మార్చిన సీల్ మళ్లీ కారుతుంది, అదీ పానా పట్టుకునేవాడు కూడా దొరకని చోట కారుతుంది. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, కొందరికి నచ్చకపోవచ్చు: నెలల తరబడి ఒకే తీరులో కాస్త చెమ్మగిల్లుతున్న పాత సీల్‌తో వెళ్లడమే నయం, రాత్రికి రాత్రి బిగించి ఒక్క కిలోమీటరు కూడా నడిపి చూడని కొత్త సీల్‌తో వెళ్లడం కంటే. పాతదాని సంగతి మీకు తెలుసు, కొత్తదాని సంగతి తెలియదు.

అందుకే ఈ పనిని వెనక నుంచి లెక్కేసుకోండి. బయల్దేరే తేదీకి కనీసం వారం ముందు టెస్ట్ డ్రైవ్ అయిపోవాలి. దానికి ఇంకో వారం ముందు రిపేర్ అవ్వాలి. దానికీ ముందు కారుడు ఎక్కడో తేలాలి, సామాను చేతికి రావాలి. ఆ లెక్క కుదరకపోతే ఏం చేయాలో చివర్లో రాశాను.

ఇక్కడ రాసిందంతా ఎక్కువగా ముందు వైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి దూలం) ఉన్న బళ్ల గురించి, అంటే జిమ్నీ, రాంగ్లర్, పాత డిఫెండర్, లాండ్ క్రూజర్ 70, 80 సిరీస్, పాత నిస్సాన్ పాట్రోల్ లాంటివి. ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) ఉన్న బళ్లకు తేడా వచ్చే చోట చెబుతూ పోతాను.

కారేది ఏ ఆయిల్?

యాక్సిల్ మీద ఉన్న ఆయిలంతా యాక్సిల్‌దే కానక్కర్లేదు. ఇంజిన్ నుంచి, స్టీరింగ్ బాక్స్ నుంచి కారింది గాలికి వెనక్కి కొట్టుకొచ్చి యాక్సిల్ హౌసింగ్ మీద పేరుకోవడం మామూలే. కాబట్టి ముందు వేలితో తీసి చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, వాసన ఘాటుగా గంధకంలా కొడుతుంది, ఒకసారి పీల్చినవాళ్లు మర్చిపోరు. పవర్ స్టీరింగ్‌లో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) వాడే బళ్లలో అది ఎర్రగా, పల్చగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ దాదాపు నీళ్లలా పల్చగా ఉండి, తగిలిన చోట పెయింట్‌ని ఉబ్బించేస్తుంది. చక్రం లోపలి వైపు తడి బ్రేక్ ఆయిలే అయితే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు బ్రేకులు చూపించుకోండి. నల్లగా, పెరుగు కంటే పల్చగా, గ్రీజూ ఆయిలూ కలిసిన మడ్డిలా ఉంటే మాత్రం జాగ్రత్తగా చదవండి, దాని కథ కింద ఉంది.

కడగండి, నడపండి, అప్పుడు చూడండి

జిడ్డు మీద జిడ్డు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, హౌసింగ్ మొత్తం లోహం కనిపించేదాకా కడగండి. ప్రెజర్ వాషర్ వాడితే పినియన్ సీల్ (గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ యాక్సిల్‌లోకి దూరే చోటిది) మీద, చక్రం మధ్యలోని హబ్ సీల్ మీద, గాలి వదిలే బ్రీదర్ మీద నేరుగా ధార పెట్టకండి, లేనిపోని నీళ్లు లోపలికి తోస్తారు. ఆరాక అనుమానం ఉన్న చోట్లలో టాల్కం పౌడర్ పల్చగా చల్లితే ఆయిల్ దారి గీత గీసినట్టు కనిపిస్తుంది.

తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడపండి, అందులో కొంత దూరం ఫోర్ వీల్ వేసి, మట్టి దారిలో. ఇది ముఖ్యం. ఫ్రీ వీలింగ్ హబ్స్ (ముందు చక్రాలను యాక్సిల్ షాఫ్ట్ నుంచి విడదీసేవి) ఉన్న బండిలో హబ్స్ వదిలేసి తారు రోడ్డు మీద నడిపితే ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) తిరగనే తిరగదు, కారడానికి కారణమే ఉండదు. మీరు మాత్రం 'పర్లేదు, ఆగిపోయింది' అనుకుని మురిసిపోతారు. అలాగే బండి పక్కకి వాలే దారిలో ఆయిలంతా పల్లం వైపు యాక్సిల్ ట్యూబ్‌లోకి పరుగెత్తుతుంది. చదును రోడ్డు మీద పొడిగా ఉండే సీల్ అక్కడ బయటపడిపోతుంది. తిరిగొచ్చాక బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే అట్ట మీద మరకల్ని చూసి, వాటికి నిలువునా పైకి ఏముందో చూడండి.

ముందు బ్రీదర్ చూడండి, సీల్స్ తర్వాత

యాక్సిల్ హౌసింగ్ పైన చిన్న టోపీలాంటిదో, సన్నటి గొట్టమో ఉంటుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి వదిలేది అదే. మట్టితో అది మూసుకుపోయిందనుకోండి, 25 డిగ్రీల దగ్గర బయల్దేరిన హౌసింగ్ 85 డిగ్రీలకు వేడెక్కేసరికి లోపలి గాలి ఒత్తిడి దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. ఒత్తిడిని ఆపడం కోసం చేసిన సీల్స్ కావవి, ఎగిరిపడే ఆయిల్‌ని ఆపడానికి చేసినవి. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్ నెట్టుకొస్తుంది. కొత్త సీల్ వేసినా అంతే.

దీని ఉల్టా ఇంకా ప్రమాదం. వేడి యాక్సిల్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి ముడుచుకుపోయి, సీల్ అంచుల గుండా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారిందంటే జరిగింది ఇదే.

చూడటం తేలికే. ఒక అరగంట నడిపాక ఫిల్లర్ ప్లగ్‌ని (ఆయిల్ పోసే రంధ్రం బిరడాని) మెల్లగా, చేతికి గ్లోవ్స్ వేసుకుని లూజు చేయండి. 'ఉస్' మని గాలి వదిలితే బ్రీదర్ మూసుకుపోయినట్టే. విప్పి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, టోపీ వేలితో తిప్పితే స్వేచ్ఛగా తిరిగేలా చేయండి, కాకపోతే కొత్తది వేయండి. ఎలాగూ దూరం వెళ్తున్నారు కాబట్టి ఒక గొట్టం బిగించి ఇంజిన్ బే పైదాకా తీసుకెళ్లి, చివర చిన్న ఫిల్టర్ పెట్టుకోండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా, సస్పెన్షన్ పూర్తిగా వేలాడినా లాగకుండా గొట్టానికి కాస్త వదులు ఉంచాలి. నిజం చెప్పాలంటే కొన్ని 'సీల్ కారుళ్లు' ఈ ఒక్క పనితోనే ఆగిపోతాయి.

తడి ఎక్కడుంటే జబ్బు ఎక్కడ?

డిఫరెన్షియల్ ముక్కు దగ్గర, గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే చోట తడి ఉండి, ఆయిల్ చుట్టూ చక్రంలా చిమ్మినట్టుంటే పినియన్ సీల్. కవర్ అంచు వెంబడి ఉంటే గాస్కెట్. డ్రెయిన్ ప్లగ్ దగ్గరే ఉంటే వాషర్, దీనికి కంగారు పడక్కర్లేదు.

చక్రం వైపు తడి ఉంటే రెండు రకాలు. డిఫెండర్, జిమ్నీ, పాత లాండ్ క్రూజర్, పాట్రోల్‌లకు యాక్సిల్ చివర గుండ్రటి బంతి, దాన్ని కప్పి నకిల్ (స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు తిరిగే కీలు) ఉంటుంది. ఆ బంతి మీద నల్లటి మడ్డి జారుతుంటే అందరూ బంతి చుట్టూ కనిపించే పెద్ద సీల్‌ని తిట్టుకుంటారు. పాపం దాని తప్పు లేదు. అది గ్రీజుని లోపల, దుమ్ముని బయట ఉంచడానికి పెట్టింది. అసలు తప్పు లోపల, యాక్సిల్ ట్యూబ్ చివర కూర్చున్న చిన్న ఆయిల్ సీల్‌ది. అది అరిగి గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని పులుసు చేసేస్తే, ఆ పులుసు బయటికి రాక ఏం చేస్తుంది? బయటి సీల్ ఒక్కటీ మార్చి ఊరుకుంటే నెల తిరక్కుండా మళ్లీ అదే. పాత డిఫెండర్లలో ఇంకో కోణం ఉంది: బంతి మీద తుప్పు గుంతలు పడితే ఎంత మంచి సీలైనా వాటి మీద కోసుకుపోతుంది. వేలితో తడిమి చూడండి, గరుకు తగిలితే బంతి కూడా మార్చాల్సిందే.

రాంగ్లర్ లాంటి ఓపెన్ నకిల్ (ఆ బంతి లేని) బళ్లలో లోపలి సీల్స్ డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి. అవి పోతే ఆయిల్ ట్యూబ్ వెంట పారి చక్రం దగ్గర, ట్యూబ్ చివర బొట్లుగా పడుతుంది. వాటిని మార్చాలంటే డిఫరెన్షియల్ గేర్లను మోసే క్యారియర్‌ని బయటికి తీయాలి. ఇంట్లో మొదటిసారి ప్రయత్నించే పని కాదిది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో అయితే డిఫరెన్షియల్ రెండు పక్కల, సీవీ షాఫ్ట్ (చక్రానికి వెళ్లే కీళ్ల షాఫ్ట్) దూరే చోట సీల్స్ చూడండి. సీవీ బూట్ (ఆ కీలు మీది రబ్బరు తొడుగు) చిరిగి చిమ్మిన గ్రీజుని ఆయిల్ అనుకోవద్దు.

చక్రం రిమ్ లోపలి ముఖమంతా గ్రీజు చిమ్మితే హబ్ వెనక సీల్. హౌసింగ్ మధ్యలో, వెల్డింగ్ దగ్గర సన్నటి తడి గీత కనిపిస్తే పగులు. పగులు మీద ఎపాక్సీ పూసి వారాల ప్రయాణానికి వెళ్లొద్దు, వెల్డర్ దగ్గరికి వెళ్లండి.

ఎంత కారితే ఆగాలి?

నా లెక్క ఇది. తుడిస్తే తడి, రెండు రోజులకు మళ్లీ తడి, కానీ బొట్టు పడటం లేదు, లెవెల్ తగ్గడం లేదు: వెళ్లొచ్చు, కన్నేసి ఉంచండి. రాత్రికి రెండు మూడు బొట్లు: టైం ఉంటే రిపేర్, లేకపోతే ఆయిల్ వెంట పెట్టుకుని వెళ్లడం. నడిపి ఆగిన ప్రతిసారీ చిన్న మడుగు: రిపేర్ చేయకుండా కదలొద్దు. బ్రేక్ డిస్క్ మీదికో ప్యాడ్స్ మీదికో చుక్క ఆయిల్ చేరినా మాటే లేదు, ఆగిపోవాలి. నానిన ప్యాడ్స్‌ని గీకి, కాల్చి మళ్లీ వాడే అలవాటు కొందరికి ఉంది. వద్దు. కొత్తవి వేయండి, రెండు వైపులా.

ఇంకొకటి చూడాలి: డ్రెయిన్ ప్లగ్‌కి ఉన్న అయస్కాంతం. బూడిద రంగు మెత్తటి పేస్ట్ మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే రేకులు, గేరు పళ్ల ముక్కలు ఉంటే మీ సమస్య సీల్ కాదు, లోపలి బేరింగో గేరో పోతోంది.

లోపలి యాక్సిల్ సీల్ మార్చడం

క్లోజ్డ్ నకిల్ (పైన చెప్పిన బంతి ఉన్న) బళ్లకు ఇదే పెద్ద పని, ఒక్కో వైపు తాపీగా ఒక రోజు పెట్టుకోండి. రెండు వైపులా కలిపి చేయండి, ఒకటి పోయిందంటే రెండోది కూడా అదే వయసుది. కిట్‌లో లోపలి సీల్, బంతి సీల్ సెట్, నకిల్ బేరింగ్స్, హబ్ సీల్, గాస్కెట్లు, లాక్ వాషర్ అన్నీ ఉన్నాయో లేదో విప్పకముందే చూసుకోండి.

బండి చదును నేల మీద, వెనక చక్రాలకు అడ్డు, హౌసింగ్ కింద స్టాండ్లు. జాకీ ఒక్కదాని మీద నమ్మకంతో చక్రం విప్పి కింద దూరొద్దు. ముందు హౌసింగ్‌లో ఆయిల్ తీసేయండి, లేకపోతే షాఫ్ట్ లాగగానే ఒళ్లో పోస్తుంది.

చక్రం తీశాక క్యాలిపర్ విప్పి తీగతో చాసిస్‌కి కట్టండి, హోస్‌కి వేలాడదీయొద్దు. తర్వాత ఫ్రీ వీల్ హబ్ లేదా డ్రైవ్ ఫ్లాంజ్. టయోటాల్లో ఇక్కడ స్టడ్ల మీద కోన్ వాషర్లు ఉంటాయి, నట్లు విప్పినా అవి రావు. నట్టుని రెండు మరలు ఎక్కించి ఉంచి, ఫ్లాంజ్‌కి పక్క నుంచి ఇత్తడి ముక్క పెట్టి గట్టిగా కొడితే టక్కున వదులుతాయి. లాక్ నట్‌కి పెద్ద సాకెట్ కావాలి, లాండ్ క్రూజర్ 80కి 54 మిల్లీమీటర్లది. ఉలి పెట్టి కొట్టి తిప్పే పద్ధతి చాలాచోట్ల చూస్తాం, నట్టు అంచులు పాడైపోతాయి, ప్రీలోడ్ (బేరింగ్‌కి ముందే ఇచ్చే బిగువు) కూడా అందాజాగానే మిగులుతుంది. సాకెట్ సంపాదించుకోండి, అదే సాకెట్ ప్రయాణంలోనూ పనికొస్తుంది.

హబ్, అది తిరిగే స్పిండిల్ వచ్చాక షాఫ్ట్‌ని సీవీ జాయింట్‌తో సహా బయటికి లాగండి. నకిల్ పైనా కిందా ఉన్న టోపీల కింద పల్చటి షిమ్స్ (సర్దుబాటు రేకులు) ఉంటాయి. ఏది పైది, ఏది కిందిది, ఏ వైపుది అని విడివిడిగా కవర్లో వేసి రాసి పెట్టుకోండి. ఇవి కలిసిపోతే సీల్ నడిమధ్య నుంచి షాఫ్ట్ పక్కకి జరిగి, కొత్త సీల్ ఒక వైపే అరుగుతుంది. నకిల్ బేరింగ్స్ లూజైనా ఇదే జరుగుతుంది. లోపలి సీల్ త్వరగా పోవడానికి దుమ్ము కంటే పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం, అందుకే బేరింగ్స్ వదిలేసి సీల్ ఒక్కటే మార్చడం సగం పనే.

పాత సీల్ పీకేశాక షాఫ్ట్ మీద సీల్ కూర్చునే మెరుపు భాగాన్ని చూడండి. గోరు పెట్టి అడ్డంగా గీస్తే గోరు ఆగేంత గాడి ఉంటే కొత్త సీల్ ఆ గాడిలోనే పడి కారుతుంది. రిపేర్ స్లీవ్ ఎక్కించడమో, సీల్‌ని ఒకట్రెండు మిల్లీమీటర్లు లోతు మార్చి తాకని చోట కూర్చోబెట్టడమో చేయాలి. హౌసింగ్ రంధ్రం మీద స్క్రూడ్రైవర్ గీతలు పడితే సన్నటి ఎమెరీతో నునుపు చేయండి.

కొత్త సీల్‌లో స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపు, అంటే డిఫరెన్షియల్ వైపు ఉండాలి. పెదవికి గ్రీజు రాసి, సీల్ బయటి కొలతకు సరిపోయే సాకెట్‌తో చుట్టూ సమానంగా దించండి. సుత్తితో ఒక మూల కొట్టి ఇంకో మూల కొడితే వంకరగా దిగుతుంది.

ఇక అసలు గండం. షాఫ్ట్ తిరిగి దూర్చేటప్పుడు దాని బరువంతా సీల్ పెదవి మీద పడుతుంది, చివర ఉన్న పళ్లు రబ్బరుని కోసేస్తాయి. 'కొత్త సీలే వేశాం, మొదటి రోజే కారింది' అనే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే. పళ్ల మీద పల్చటి టేప్ చుట్టొద్దు, అది లోపల ఊడిపోతుంది. ఒక చేత్తో జాయింట్ పట్టుకుని, రెండో చేత్తో షాఫ్ట్‌ని కింది నుంచి ఎత్తిపట్టి, రంధ్రం మధ్యలో తేలుతున్నట్టుగా లోపలికి పంపండి. డిఫరెన్షియల్ గేరుకి తగిలి ఆగినప్పుడు తొయ్యొద్దు, కొద్దికొద్దిగా తిప్పండి, పళ్లు కలిసిన చోట దానంతటదే జారుతుంది. ఇద్దరుంటే ఈ ఒక్క నిమిషం చాలా సుఖం.

నకిల్‌లో పాత పులుసంతా తీసి, కిరోసిన్‌తో కడిగి, ఆరాక మాలిబ్డినం గ్రీజు ముప్పావు వంతు నింపండి. సీవీ జాయింట్ బంతుల మధ్యకి గ్రీజు వేళ్లతో నొక్కి పంపాలి, పైపైన పూస్తే చాలదు. చక్రం బేరింగ్స్‌కి వేరే, మామూలు లిథియం గ్రీజు. ప్రీలోడ్, టార్క్ అంకెలు మీ బండి మాన్యువల్‌లోవే వాడండి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఉండకూడదు, తిప్పితే బిగుసుకోకూడదు.

పినియన్ సీల్

చూడటానికి తేలిక, చెడగొట్టుకోవడం ఇంకా తేలిక. పినియన్ నట్టు బిగింపు మీదే లోపలి బేరింగ్స్ ప్రీలోడ్ ఆధారపడి ఉంటుంది. చాలా బళ్లలో లోపల నలిగే స్లీవ్ ఒకటి ఉంటుంది, ఎక్కువ బిగిస్తే అది మరింత నలిగిపోయి వెనక్కి రాదు. కాబట్టి విప్పే ముందు ఫ్లాంజ్‌ని పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ ఊపండి. కదలిక తెలిస్తే బేరింగ్ పోయింది, సీల్ మార్చి లాభం లేదు. కదలిక లేకపోతే షాఫ్ట్ చివర, నట్టు, ఫ్లాంజ్ మూడింటి మీదుగా ఒకే గీతగా పెయింట్ గుర్తు పెట్టి, బయటికి కనిపించే మరలు లెక్కపెట్టుకోండి. వీలైతే పినియన్ తిప్పడానికి ఎంత బలం పడుతోందో ముందే కొలిచి రాసుకోండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్‌కి కూడా గుర్తు పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు ఇంపాక్ట్ గన్ పక్కన పెట్టి, చేత్తో గుర్తు దాకా తెచ్చి ఆపండి.

కవర్ గాస్కెట్ సంగతి చిన్నదే: రెండు ముఖాలూ గీకి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఆర్టీవీ సిలికాన్‌ని (గాలికి గట్టిపడే జిగురుని) బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా తెగకుండా ఒక గీత పెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించాలి. ట్యూబ్ మీద రాసినంతసేపు ఆరకుండా ఆయిల్ పోయొద్దు.

ఆయిల్ నింపడం

ఆయిల్ తీసే రోజున గుర్తుంచుకోవాల్సింది: ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పండి, అది వచ్చాకే డ్రెయిన్ ప్లగ్. ఫిల్లర్ తుప్పు పట్టి రాలేదంటే, ఆయిల్ మొత్తం కింద పోసుకున్న బండి ఎక్కడికీ కదలదు. మాన్యువల్ చెప్పిన గ్రేడే వాడండి. చాలావాటికి జీఎల్-5 రకం గేర్ ఆయిల్, 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఒట్టిగా తిరగకుండా ఆపేది) ఉంటే దానికి తగిన ఆయిల్ లేదా అడిటివ్ కావాలి. బండి చదునుగా ఉండి, రంధ్రం అంచు నుంచి ఆయిల్ జారడం మొదలవగానే చాలు. 'ఇంకాస్త ఉంటే మంచిదేగా' అని ముందు వైపు ఎత్తిపెట్టి ఎక్కువ పోస్తే అదే సీల్స్ నుంచి బయటికి వస్తుంది.

టెస్ట్ డ్రైవ్

పది కిలోమీటర్ల తర్వాత ఆగి, రెండు హబ్స్ మీద చెయ్యి పెట్టండి. ఒకటి మామూలు వేడి, ఇంకోటి ముట్టుకోలేనంత వేడి అంటే బేరింగ్ బిగుసుకుంది, లేదా బ్రేక్ పట్టేస్తోంది. యాభై దగ్గర చక్రం నట్లు మళ్లీ టార్క్ చూడండి. ఆ తర్వాత కనీసం 200 కిలోమీటర్లు, సామాను బరువుతో, ఫోర్ వీల్‌తో, పక్కవాలుతో కలిపి. తిరిగొచ్చి చక్రాల ఆట చూసి, మళ్లీ అట్టముక్క పరవండి. కొత్త బంతి సీల్ మీద మొదట్లో పల్చగా గ్రీజు పూత కనిపిస్తే టెన్షన్ పడకండి, తుడిచి చూస్తే తగ్గిపోవాలి.

టైం లేకపోతే

బ్రీదర్ బాగుచేసి, లెవెల్ నింపి, బ్రేకులు పొడిగా ఉన్నాయని నిర్ధారించుకుని బయల్దేరండి. వెంట రెండు లీటర్ల గేర్ ఆయిల్, చేతి పంపు, ఫిల్లర్ ప్లగ్‌కి సరిపోయే కీ, లోపలి సీల్స్, గ్రీజు డబ్బా, ఆర్టీవీ ట్యూబ్, పాత గుడ్డలు. రోజూ సాయంత్రం బండి ఆపగానే కిందికి ఒకసారి చూడటం, రోజు విడిచి రోజు వేలు పెట్టి లెవెల్ చూడటం. వాగు దాటే ముందు కాసేపు ఆగి యాక్సిల్ చల్లారనివ్వండి, దాటిన రోజు ఆయిల్ రంగు చూడండి, కాఫీ రంగు వచ్చిందంటే మార్చాల్సిందే. కారుడు ఆపే అడిటివ్‌లు రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్లు నెట్టుకొస్తాయి, చిరిగిన సీల్‌కి అవి చేసేదేమీ లేదు.

దారిలో పినియన్ సీల్ పూర్తిగా పోతే, ఫ్రీ వీలింగ్ హబ్స్ ఉన్న బండిలో హబ్స్ వదిలేసి టూ వీల్‌లో నడపండి. ముందు డిఫరెన్షియల్ తిరగదు కాబట్టి అందులో ఆయిల్ లేకపోయినా పాడవదు. ఫుల్ టైం ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి వెళ్లే) బండిలో ఆ సుఖం లేదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేసి సెంటర్ డిఫరెన్షియల్ (ముందుకీ వెనక్కీ శక్తి పంచేది) లాక్ చేస్తే వెనక చక్రాలతో కదులుతుంది గానీ, ముందు చక్రాలతో పాటు లోపలి గేర్లు తిరుగుతూనే ఉంటాయి, ఆయిల్ పోస్తూ వెళ్లాల్సిందే. రెండు సందర్భాల్లోనూ కష్టమైన దారి మానుకుని, ఎంత చుట్టయినా మంచి రోడ్డు పట్టుకోండి. విప్పిన షాఫ్ట్‌ని బండిలో కట్టేసి, బోల్టులు ఎనిమిదీ లెక్కపెట్టి ఒక డబ్బాలో వేసుకోండి, ఆ కొలత మరతో ఉన్నవి రోడ్డు పక్క కొట్లలో దొరకవు.